పాంపేకి ధూళికట్ట మీదుగా

ఇటలీ పోవాలనుకునే దోస్తులు ప్లాన్ కాగితం తెచ్చి చూడమంటే, నేను మొదట చేసే పని అందులో సగం ఊళ్లు కొట్టేయడం. ఎనిమిది రోజులకు రోమ్, ఫ్లోరెన్స్, పీసా, వెనిస్, మిలాన్, నేపుల్స్, పాంపే అని రాసుకొస్తారు. ఏళ్ల తరబడి షిఫ్టుల లెక్కన బతికినవాళ్లు కదా, సెలవును కూడా గంటల్లోనే కొలుస్తారు. రోమ్, నేపుల్స్, పాంపే ఉంచి మిగతావి తీసేస్తాను. మొదటిసారికి ఆ మూడు చాలు.

ఆ మూడే ఎందుకంటే, వాటికీ మన గోదావరి ఒడ్డుకూ పాత చుట్టరికం ఉంది. ఆంధ్రులకు కోటగోడలున్న 30 పట్టణాలు, లక్ష కాల్బలం, 2,000 గుర్రాలు, 1,000 ఏనుగులు ఉన్నాయని రాసినవాడు రోమన్ పండితుడు ప్లీనీ. క్రీ.శ. 79లో వెసూవియస్ పేలినప్పుడు జనాన్ని కాపాడాలని ఓడలు తీసుకుని బయల్దేరి, స్టేబియే తీరంలో ప్రాణం విడిచింది కూడా ఆయనే. పాంపేను పూడ్చేసింది ఆ పేలుడే.

1938లో ఆ పాంపేలోనే ఒక దంతపు బొమ్మ బయటపడింది. ఎత్తు దాదాపు 25 సెంటీమీటర్లు. ఒంటినిండా నగలున్న స్త్రీ, చెరో పక్క ఒక చెలికత్తె. లక్ష్మి అని పేరు పెట్టారు గానీ, యక్షి అయి ఉంటుందని చాలామంది పండితుల మాట. దాన్ని పోలిన దంతపు పని శాతవాహనుల ఏలుబడిలోని భోకర్దన్‌లో దొరికింది. అక్కడి నుంచి రోమ్ సామ్రాజ్యం దాకా సరుకు నడిచిన కాలమది. మన నల్గొండ జిల్లా అక్కెనపల్లిలో 1,500కు పైగా రోమన్ వెండి నాణేలు దొరకడం ఆ వ్యాపారానికి ఇటువైపు సాక్ష్యం.

ఆ బొమ్మ ఇప్పుడు పాంపేలో లేదు, నేపుల్స్ పురావస్తు మ్యూజియంలో ఉంది. దానికి మంగళవారం సెలవు. నేపుల్స్‌లో మీకున్న ఒక్క రోజూ మంగళవారమే అయితే బొమ్మను చూడకుండానే తిరిగొస్తారు. అందుకే రైళ్లు, హోటళ్ల కంటే ముందు సెలవు దినాల పట్టిక రాసుకొమ్మంటాను. పాంపేలో 2024 నవంబర్ నుంచి రోజుకు 20,000 మందినే రానిస్తున్నారు, టికెట్ మీద పేరుంటుంది. పాస్‌పోర్టులో ఇంటిపేరు ఎలా ఉందో అక్షరం పొల్లుపోకుండా అలాగే ఇవ్వాలి. షెంజెన్ వీసాకు ఆరు నెలల ముందు నుంచే పెట్టుకోవచ్చు, 30,000 యూరోల ఇన్సూరెన్స్ తప్పనిసరి. పిల్లల సెలవులని ఎండాకాలం ఎంచుకుంటారు గానీ పాంపేలో నీడ తక్కువ. అక్టోబర్ మేలు.

ఇవన్నీ ఎవరైనా చెప్తారు. నేను గట్టిగా పట్టుబట్టేది ఇంకొకటుంది. టికెట్లు బుక్ చేసే ముందు ఒక ఆదివారం ఇంటిల్లిపాదీ ధూళికట్ట పోయి రావాలి. మన గోదావరి ఒడ్డు జైపూర్ నుంచి ఇందారం దగ్గర గోదావరి బ్రిడ్జి దాటితే గోదావరిఖని, అటు నుంచి పెద్దపల్లి దారి. 1970లలో వి.వి. కృష్ణశాస్త్రి వంటివాళ్లు తవ్వి తీసిన మట్టికోట, బౌద్ధ స్తూపం అక్కడున్నాయి. ప్లీనీ చెప్పిన 30 పట్టణాల్లో ఇదొకటని పురావస్తువాళ్ల అంచనా. పెద్దబంకూరు కూడా ఆ చుట్టుపక్కలే. ఇటుక బావులు, వేల శాతవాహన నాణేలు దొరికిన చోటు. మనకు ఎగువన, గోదావరిలో పెద్దవాగు కలిసేచోట కోటిలింగాల. శాతవాహన వంశానికి మొదటివాడైన సిముకుడి నాణేలు అక్కడే దొరికాయి. అక్కడి పాత ఊరి దిబ్బలో కొంత ఎల్లంపల్లి ప్రాజెక్టు నీళ్లలో మునిగింది.

దిబ్బ చూడటం తెలియాలి. ఈ ఊరికి నీళ్లు ఎక్కడివి, ధాన్యం ఎక్కడ దాచారు, వాగు ఎటు పారేది, గేటు ఎటు ఉండేది అని అక్కడ నిలబడి అడగడం పిల్లలకు నేర్పాలి. ఆ ప్రశ్నలతో పాంపేలో అడుగుపెట్టిన పిల్లలకు రాతి బాటల మీద బండి చక్రాల గాడులు, ఇళ్లకు నీళ్లు తెచ్చిన సీసపు గొట్టాలు, రొట్టెల బట్టీల పక్కనున్న తిరగలి రాళ్లు వాటంతటవే కళ్లబడతాయి. ప్రశ్న లేకుండా పోయినవాళ్లకు మిగిలేవి ఫొటోలే.

పాంపేలో 1748 నుంచి తవ్వుతున్నా ఇంకా మూడో వంతు మట్టిలోనే ఉంది. చాలావరకు కావాలనే అలా వదిలేశారు, రేపటివాళ్ల చేతిలో ఇంకా మంచి పద్ధతులుంటాయని. మన దిబ్బల్లోనూ తవ్వనిదే ఎక్కువ. ఇటలీ చూసొచ్చినవాళ్లు మ్యాగ్నెట్ బొమ్మలతో పాటు ఆ ఓపికను కూడా తెచ్చి, ధూళికట్టకు కాపలా ఏదని, కోటిలింగాలలో మునగకుండా మిగిలిన దిబ్బను ఎవరు చూస్తున్నారని కలెక్టరేట్‌లో అర్జీ పెట్టి అడగాలని నా కోరిక. ఆ అర్జీ రాసిపెట్టడానికి నేను సిద్ధం.