వన్స్‌మోర్ కొట్టే ముందు

పద్యనాటకానికి వెళ్లేవాళ్లెవరూ కథ తెలుసుకుందామని వెళ్లరు. కురుక్షేత్రంలో ఎవరు గెలుస్తారో, కాటిలో హరిశ్చంద్రుడి కత్తి చంద్రమతి మెడ మీద పడుతుందో లేదో పందిట్లో కూర్చున్న చిన్నపిల్లాడికి కూడా తెలుసు. పద్యాలు సగంమందికి నోటికొచ్చు. వేషగాడు మొదటి పాదం అందుకోగానే ముందు వరసలో పెద్దాయన పెదాలు కదులుతుంటాయి. అయినా దుప్పట్లు కప్పుకుని, పల్లీలు నములుతూ తెల్లవార్లూ కూర్చుంటారు. ఆ పద్యాన్ని ఈ వేషగాడు ఎలా అంటాడో వినాలని!

నాది తెనాలి పక్క ఊరు. మా ఆయనది జనగామ వైపు. చిందు యక్షగానం చూస్తూ పెరిగిన మనిషి. ఆ కళను బతికించిన గడ్డం సమ్మయ్యగారికి 2024లో పద్మశ్రీ ప్రకటిస్తే ఇంట్లో మైసూర్‌పాక్ పంచిపెట్టాడు. అలాంటివాణ్ణి మొన్న శివరాత్రికి మా వైపు తిరునాళ్లలో ‘కురుక్షేత్రం’ నాటకానికి తీసుకెళ్లాను. పొలం నిండా జనం, రెండు వైపులా ఎత్తుగా కట్టిన మైకులు, స్టేజీకి ఎడమ పక్కన కాలి హార్మోనియం. తెర లేచి పావుగంట కాలేదు, ఆయన కాలు నేల మీద తాళం కోసం వెతకడం మొదలుపెట్టింది. ఎంతకీ దొరకలేదు. “దరువేది? ఎవరూ ఆడరేంది?” అన్నాడు.

ప్రశ్న న్యాయమైనదే. చిందు యక్షగానంలో దరువు ముందు నడుస్తుంది, అడుగూ పాటా దాని వెంట పోతాయి. పద్యనాటకంలో పద్యానికి తాళం లేదు. దాన్ని నడిపేది ఛందస్సు. శార్దూలం మూడు గురువులతో మొదలవుతుంది కాబట్టి వేషగాడు ముందుగా ఊపిరి నిండా తీసుకుని, నిలబడి అందుకోవాలి. ఉత్పలమాల ఒక గురువు తరవాత రెండు లఘువుల మీదికి జారుతుంది, అందువల్ల మాట మెత్తగా దిగుతుంది. చంపకమాలకు మొదటే నాలుగు లఘువులు, ఆదమరిస్తే పరుగే. ఈ కురుక్షేత్రానికి మూలమైన పాండవోద్యోగ విజయాలు రాసిన తిరుపతి వేంకటకవులు అవధానాల్లో ఆరితేరినవాళ్లు. ఏ మాటకు ఏ వృత్తం అతుకుతుందో వాళ్లకు ఒకరు చెప్పక్కర్లేదు. పడకసీనులో కృష్ణుడు లేచి దుర్యోధనుణ్ణి కుశలం అడిగే పద్యం శార్దూలంలో ఉంటుంది. రాయబారంలో అదే కృష్ణుడు కౌరవసభకు నచ్చజెప్పే మొదటి పద్యం ఉత్పలమాల.

ఆ పడకసీనునే కాస్త దగ్గరగా చూడండి. మంచం మీద కృష్ణుడు కళ్లు మూసుకుని పడుకుని ఉంటాడు. తలవైపు దుర్యోధనుడు, కాళ్లవైపు అర్జునుడు. వాళ్లిద్దరూ తమ పద్యాలు పాడుకుంటున్నంతసేపూ కృష్ణ వేషగాడు కదలకూడదు. కిరీటం జారకూడదు, దోమ కుట్టినా చెయ్యి లేవకూడదు. చివరికి కళ్లు తెరిచి, తలవైపు ఉన్నవాణ్ణి ‘అప్పుడే’ చూసినట్టు చూసి, తమ్ములూ కొడుకులూ చుట్టాలూ కర్ణుడూ భీష్ముడూ ద్రోణుడూ అందరూ సుఖమేనా అని ఒక్క పద్యంలో అడుగుతాడు. చదివితే అది పేర్ల పట్టీ. మంచి వేషగాడు ఒక్కో పేరు దగ్గర అర క్షణం ఆగుతాడు, దుర్యోధనుడి ముఖంలోకి చూస్తాడు, కర్ణుడి పేరు దగ్గర పెదవి చివర చిన్న నవ్వు నవ్వుతాడు. మర్యాద అంతా పైకి కనిపిస్తూనే ఉంటుంది, ఎత్తిపొడుపు మాత్రం లోపల్నించి తగులుతుంది. ఆ రాత్రి మేం చూసిన మొదటి కృష్ణుడు ఈ పద్యాన్ని ఇలాగే అన్నాడు. మా ఆయన కాలు తాళం వెతకడం మానేసింది.

మెలకువంతా విరుపులోనే ఉంది. పద్యం పాదం చివర విరగదు, భావం దగ్గర విరుగుతుంది. పొడుగు సమాసాన్ని మధ్యలో తెంచితే అర్థం చెడుతుంది, తెంచకపోతే ఊపిరి చాలదు. అందుకే పాతకాలం గురువులు ముందు రాగం లేకుండా పద్యం చదివించి, పదచ్ఛేదం కుదిరాకే హార్మోనియం దగ్గరికి రానిచ్చేవారు. సీసపద్యమైతే మరో లెక్క. నాలుగు పెద్ద పాదాలనూ సంభాషణలాగా చకచకా నడిపి, కింద వచ్చే ఎత్తుగీతి దగ్గర నెమ్మదించి రాగానికి చోటిస్తారు.

పద్యం ముగిశాక చివరి అచ్చు పట్టుకుని వేషగాడు రాగం ఎత్తుకుంటాడు. మోహన, కల్యాణి, బిలహరి, కాపీ, సింధుభైరవి లాంటివి మన రంగస్థలానికి బాగా అలవాటైన రాగాలు. శోకమైతే ముఖారి. కచేరీ విద్వాంసుడు దాన్ని రాగాలాపన అని ఒప్పుకోకపోవచ్చు, ఒప్పుకోనక్కర్లేదు కూడా. కోపంలో ఉన్న భీముడు కోపంగానే రాగం తీయాలి. ముఖం ఒక దారీ గొంతు ఒక దారీ పట్టిందంటే పాత్ర పోయి పాటగాడు మిగులుతాడు.

ఇంత గొంతు ఎందుకంటారా? మైకులు లేని రోజుల్లో చివరి వరసకు మాట అందాలి. నాలుగున్నర, అయిదు శ్రుతిలో రాత్రంతా పాడగలిగినవాడికే వేషం. హార్మోనిస్టు పనితనం చాలామంది గమనించరు. వేషగాడు ఊపిరి తీసుకునే చోట స్వరం తెగకుండా పట్టి ఉంచేది ఆయనే. పై షడ్జానికి వెళ్తున్నాడని ముందే పసిగట్టి అక్కడ సిద్ధంగా ఉంటాడు. పద్యం మరిచిపోతే రెండు స్వరాలు వాయించి అందిస్తాడు. మైలవరం కంపెనీలో పాపట్ల కాంతయ్య కట్టిన వరసల్ని తరవాతి తరాలవాళ్లు ఎవరు కట్టారో కూడా తెలియకుండా పాడుకున్నారు.

మన నాటకానికి ఈ పాట మొదటి నుంచీ లేదు. 1880 ప్రాంతంలో ధార్వాడ నాటక సమాజం కోస్తా ఊళ్లలో ఆడి వెళ్లింది. వాళ్లను చూసి మనవాళ్లకు ఉత్సాహం పుట్టింది. కందుకూరి వీరేశలింగం రాజమండ్రిలో తన విద్యార్థులతో నాటకాలు వేయించాడు. బళ్లారిలో ధర్మవరం రామకృష్ణమాచార్యులు నాటకంలోకి పద్యాన్నీ పాటనూ ధారాళంగా తెచ్చాడు, ఆంధ్ర నాటక పితామహుడనిపించుకున్నాడు. ఆ తరవాత వచ్చినవాళ్ల పేర్లు చెప్తూ పోతే తెల్లారుతుంది. ఇద్దరి మాట మాత్రం చెప్పాలి. కల్యాణం రఘురామయ్య ఈలతోనే పద్యం పలికించి ఈలపాట రఘురామయ్య అయ్యాడు. స్థానం నరసింహారావు సత్యభామగా, రోషనారాగా వేషం కడితే చీరకట్టు చూసి ఆడవాళ్లే అబ్బురపడ్డారని పెద్దలు చెప్పుకుంటారు. ప్రభుత్వం 1956లో ఆయనకు పద్మశ్రీ ఇచ్చింది.

అర్ధరాత్రి దాటాక మా ఆయన రెండో ప్రశ్న వేశాడు. “కృష్ణుడు మారిండేంది?” నిజమే. పడకసీనులో సన్నగా ఉన్న కృష్ణుడు రాయబారానికి బొద్దుగా వచ్చాడు. ఇది కాంట్రాక్టు నాటకాల లీల. కాంట్రాక్టరు ఒక్కో ఊరి నుంచి ఒక్కో పేరున్న వేషగాణ్ణి పిలిపిస్తాడు. ఒక్క రాత్రిలో ఇద్దరు, ముగ్గురు కృష్ణులు! రిహార్సలు ఉండదు, రంగు వేసుకుంటూ పలకరించుకుంటారు. జనానికి ఎవరి రాయబారం గొప్పదో పోల్చుకునే సరదా దక్కుతుంది, నాటకం మాత్రం ముక్కలవుతుంది. ఎదుటి పాత్ర మాటకు ముఖం కదిలించే ఓపిక ఎవరికీ ఉండదు, తన పద్యం ఎప్పుడొస్తుందా అన్నదే ధ్యాస. మధ్యలో ఫలానావారు నూటపదహార్లు చదివించారని మైకులో చెప్తారు. ఎవరో స్టేజీ ఎక్కి కృష్ణుడి పీతాంబరానికి నోటు గుచ్చుతారు. కౌరవసభ అంతసేపూ ఓపిగ్గా కూర్చుంటుంది.

రెండో కృష్ణుడు ఒక పద్యానికి తీసిన రాగం ఎంతకీ దిగలేదు. “ఘంటసాల అయితే నిమిషంల అయిపోతుండె గదా” అన్నాడు మా ఆయన. 1967లో వచ్చిన ‘శ్రీకృష్ణావతారం’ సినిమాలో రాయబారం పద్యాలు ఆయనకు కంఠస్థం. నాకు ఉక్రోషం వచ్చింది కానీ, మాటలో నిజముంది. సినిమాలో మైకు నోటి దగ్గరుంటుంది, రీలు ఖరీదైంది. ఘంటసాల అక్షరాన్ని స్పష్టంగా పలికి, రాగాన్ని చివర సన్నటి జీరలా వదిలేశాడు. అర్థం ముందు చెవిలో పడింది. అందుకే పద్యం రాని ఇళ్లలో కూడా ఆ పద్యాలు నిలిచాయి. స్టేజీ మీద రాగమే గొప్పనుకుని మాటలు మింగేసే వేషగాళ్లు ఈ కళకు చేసిన చెరుపు సినిమా కూడా చెయ్యలేదని నా అభిప్రాయం. చప్పట్ల కోసం రాగం, రాగం కోసం ఇంకాస్త చప్పట్లు: ఈ పాపంలో ప్రేక్షకులకూ వాటా ఉంది.

రాగం తగ్గిస్తే ఏం జరుగుతుందో తెలియాలంటే బలిజేపల్లి లక్ష్మీకాంతం రాసిన ‘సత్య హరిశ్చంద్రీయం’లో కాటిసీను చూడాలి. స్టేజీ మీద వెలుతురు తగ్గిస్తారు. భుజాన కర్ర, ఒంటికి బూడిద, ఒక్కడే మనిషి. అక్కడ పాడే పద్యాల్లో జనం ఎక్కువగా ఎదురుచూసేవి బలిజేపల్లివారివి కావు, గుర్రం జాషువా శ్మశానవాటి పద్యాలు. నటులే వాటిని తెచ్చి ఈ సీనులో చేర్చారు, జనం ఇక తీయనివ్వలేదు. రాజు, కవి, చిత్రకారుడు ఎవరైనా చివరికి ఇక్కడికే అనే ఆ పద్యాలను డి.వి. సుబ్బారావులాంటి హరిశ్చంద్రులు తగ్గుస్థాయిలో మొదలుపెట్టి, మాటకూ మాటకూ మధ్య వదిలిన ఖాళీతోనే పందిరిని నిశ్శబ్దం చేసేవారు. అంటరానితనం అనుభవించిన కవి పద్యం ఊరి నడిబొడ్డున వేల గొంతుల్లోకి ఎక్కడానికి ఈ నాటకం దారి చేసింది. పుస్తకం ఒక్కటే ఆ పని చేసి ఉండేది కాదు.

ఈ నాటకాలు పోయాయని ఏటా ఎవరో ఒకరు రాస్తుంటారు. 2022 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కాళ్లకూరి నారాయణరావు ‘చింతామణి’ ప్రదర్శనను నిషేధించింది. నిషేధం మంచిచెడ్డలు వేరే సంగతి. వందేళ్లనాటి నాటకాన్ని ఆపాల్సి వచ్చిందంటే దాన్ని చూసేవాళ్లు ఇంకా దండిగా ఉన్నారనే కదా. తగ్గింది ప్రేక్షకులు కాదు, గురువు దగ్గర కూర్చుని పదచ్ఛేదం నేర్చుకునేవాళ్లు. తిరునాళ్ల కమిటీలు లైటింగ్ ప్రభలకు పెట్టే ఖర్చులో కొంత తీసి, ఒకే బృందాన్ని పిలిచి, వారం ముందు రిహార్సలు చేసుకోమని డబ్బిస్తే చాలు, నాటకం ముఖం మారిపోతుంది.

ఈసారి మీ వైపు పద్యనాటకం పెడితే ఆలుమగలిద్దరూ కలిసి వెళ్లండి. పది గంటలకని వాల్‌పోస్టరు వేస్తే పదకొండున్నరకు తెర లేస్తుంది, భోంచేసి తీరిగ్గా బయల్దేరొచ్చు. దుప్పటి మరిచిపోవద్దు. హార్మోనియం ఉన్న వైపు కూర్చోండి. పద్యం పూర్తయ్యేదాకా చప్పట్లు ఆపుకోండి. అర్థం చెవికి చేరితేనే వన్స్‌మోర్ కొట్టండి, ఉత్త రాగానికి మాత్రం కొట్టకండి.