వారానికో సూ: మిషన్ చందాలో ఇచ్చేదెవరు, పుచ్చుకునేదెవరు?

విదేశాల్లో వేదబోధ కోసం ప్రార్థించండి, చందాలివ్వండి అంటూ కథోలిక శ్రీసభ రెండు వందల ఏళ్లుగా అచ్చువేస్తున్న పత్రికల్ని, కరపత్రాల్ని మన విమర్శకులు భక్తి సాహిత్యం కింద పక్కన పడేశారు. ఒకరికి అది విదేశీ డబ్బు, ఇంకొకరికి మతమార్పిడి డబ్బు. అసలది ఎవరి జేబులోంచి వచ్చిందని అడిగినవాళ్లు తక్కువ.

ఫ్రాన్సులోని లియోన్ పట్టు నేతకు పేరుపడ్డ ఊరు. అక్కడి పట్టు వ్యాపారి కూతురు పౌలిన్ జారికో (1799-1862) మిల్లుల్లో పనిచేసే ఆడవాళ్లను కూడగట్టి, పదేసిమందిని ఒక జట్టుగా కట్టింది. మనిషికి వారానికి ఒక సూ, అంటే ఫ్రాంకులో ఇరవయ్యో వంతు. దాంతోపాటు రోజూ ఒక చిన్న ప్రార్థన. 1822 మే 3న ఏర్పడిన వేదవ్యాపక సంఘానికి పునాది ఈ పద్ధతే. అంటే ఆ నిధికి మూలం దొరల దానం కాదు, కూలి డబ్బు. జారికో చివరికి అప్పులపాలై పేదరాలిగా చనిపోయింది. 2022 మే 22న ఆమెను ధన్యురాలిగా ప్రకటించారు.

సంఘం పత్రిక జట్టుకొక ప్రతి వచ్చేది, చేతులు మారేది. అందులో వేదబోధకుల ఉత్తరాలుండేవి. ఇక్కడే నా పేచీ. ఇచ్చేవాడికి జట్టుంది, వంతుంది, చదువుకోడానికి పత్రికుంది. పుచ్చుకునేవాడికి ఉత్తరం రాసే వీలే లేదు. అతని గురించి గురువుగారు రాస్తారు. ఆ రాతలో అతనొక 'అన్యుడు', రక్షించాల్సిన 'ఆత్మ'. ఆ ఆత్మ ఎవరి పొలంలో నాట్లేస్తుందో, ఏ బావి దగ్గర నీళ్లకి కాచుకుంటుందో ప్రార్థన చేసేవాళ్లకి తెలియాల్సిన పని లేకపోయింది.

పేరు సంగతి చూడండి. 1843లో నాన్సీ మేత్రాణులు ఫోర్బిన్-జాన్సన్ పిల్లల చందాతో ఇంకో సంఘం పెట్టారు, చైనా పిల్లల్ని కాపాడి జ్ఞానస్నానం ఇప్పించడానికి. ఇరవయ్యో శతాబ్దంలో అమెరికా కథోలిక బడుల్లో ఇది ఎక్కడిదాకా పోయిందంటే, తరగతి పిల్లలు ఐదు డాలర్లు పోగుచేస్తే ఒక 'అన్య శిశువు'కి పేరు ఎంపిక చేసే అవకాశం, ఒక సర్టిఫికెట్టు వచ్చేవి. ఎక్కడో ఉన్న బిడ్డకి వాళ్లమ్మ పెట్టుకున్న పేరేమైనట్టు?

అయితే దీన్ని ఒట్టి ఆధిపత్యం అని కొట్టిపారేస్తే మన చరిత్రే మనకి అర్థం కాదు. పుల్లయ్యని 'ఒరే పుల్లిగా' అని పిలిచిన ఊళ్లో అతని కొడుకు జ్ఞానస్నానంతో శౌరయ్య అయ్యాడు. దొర నోటికి అలవాటు లేని పేరది, తుంచి పిలవడం కష్టం. లియోన్ ఆడకూలీలు రోజూ చేసిన ప్రార్థనలో 'మాకొరకు ప్రార్థించండి' అని వేడుకున్న పునీతుడు కూడా ఫ్రాన్సిస్ శౌరివారే. ఆ పేరు ఇచ్చినవాళ్ల లెక్కల్లో ఒక గెలుపు. మన పల్లెల్లో అది తలెత్తుకుని తిరగడానికి పనికొచ్చింది. రెండూ నిజమే, ఒకటి రెండోదాన్ని రద్దు చెయ్యదు.

పేరు మారినా పల్లె మారలేదు. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు క్రైస్తవ మాల మాదిగల్ని షెడ్యూల్డు కులాల జాబితా బయట నిలబెట్టింది. సిక్కులకి 1956లో, బౌద్ధులకి 1990లో తలుపు తెరిచారు, వీళ్లకి తెరవలేదు. 2022లో హైదరాబాదు అగ్రపీఠాధిపతి పూల ఆంతోనిగారు తొలి దళిత కార్డినల్ అయ్యారు. సంతోషమే. విచారణ గుడిలో లెక్కల పుస్తకం ఎవరి చేతిలో ఉందన్నది మాత్రం వేరే ప్రశ్న.

1926లో పదకొండో భక్తినాథ పోపుగారు మొదలుపెట్టిన మిషన్ ఆదివారం అక్టోబరులో చివరి ఆదివారానికి ముందు వారం వస్తుంది. ఆ రోజు మన గుళ్లలోనూ పళ్లెం తిరుగుతుంది. మా అమ్మ కలుపుకూలి డబ్బుల్లోంచి కొంగున ముడేసి తెచ్చిన నోటు అందులో వేస్తుంది. ఎవరికి పోతుందని అడిగితే, 'మనకంటే లేనోళ్లకిలే' అంటుంది. లియోన్ మిల్లు మనిషికీ ఆమెకీ తేడా ఎక్కడుంది? నేను చూసిన మిషన్ పోస్టర్ల మీద మాత్రం ఆమెలాంటివాళ్లు చెయ్యి చాపుకునే కనిపిస్తారు, వేసే చెయ్యిగా ఒక్కసారీ కనపడలేదు.

కాబట్టి చదవాల్సినవి విదేశాలకి పోయిన ఉత్తరాలొక్కటే కాదు. ఊరూరా తిరిగి జపాలు నేర్పిన మన ఉపదేశుల నోటుపుస్తకాలు, విచారణల చందా పద్దులు, జ్ఞానస్నాన రిజిస్టర్లు ఉన్నాయి. పరిశోధక మిత్రులు వాటికోసం గురువుల్ని అడగాలి, చెదలు పట్టకముందే.