గిడసబారు శిశువు – గణకయంత్రపు జోస్యము

హరిద్ర, మంజీర నదులు గోదావరిలో కలియు కందకుర్తిలో, అంగన్‌వాడి కేంద్రమున రెండేండ్లు నిండిన బాలుని నిలువుకొలత 80 సెంటీమీటర్లు వచ్చినదనుకొనుడు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో ప్రకటించిన ప్రమాణముల ప్రకారము ఆ వయస్సు మగపిల్లల మధ్యగత ఎత్తు 87.1, 81కి తగ్గినచో బిడ్డ గిడసబారినట్లు లెక్క. కాని తగ్గిన పిదప తెలిసి ప్రయోజనమేమి? గర్భమున పడినది మొదలు రెండవయేడు నిండువరకు గల వేయిదినములలోనే నష్టము చాలవరకు జరిగిపోవును. కనుకనే ముందుగా ఆపదను పసిగట్టుటకు గణకయంత్రములకు తర్ఫీదునిచ్చు పద్ధతి, అనగా యంత్రాభ్యసనము, నేడు ప్రచారములోనికి వచ్చినది.

తల్లి ఎత్తు, చదువు, కాన్పుల మధ్య ఎడము, పుట్టిననాటి బరువు, త్రాగునీరు మున్నగు వివరములను వేలకొలది కుటుంబములనుండి సేకరించి, బిడ్డల ఎత్తులతోపాటు యంత్రమున కందింతురు. వానిమధ్య గల సంబంధములను అది తానే వెదకికొనును. ఒక పద్ధతిలో, ప్రశ్నలే కొమ్మలుగా చీలు చెట్లను వందలకొలది పెంచి, వానిలో ఎక్కువ చెట్లు చెప్పిన తీర్పును గ్రహింతురు. దీనిని యాదృచ్ఛిక వనమందురు. పేరు ముచ్చటగానే యున్నది.

మనదేశమున ఇట్టి పరిశోధనలకు ముఖ్యాధారము జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే. తెలంగాణమున ఐదేండ్లలోపు పిల్లలలో గిడసబారినవారు 2015-16లో నూటికి 28 మంది, 2019-21లో 33.1. చిక్కు ఇక్కడనే యున్నది. నూరుగురిలో 33 మంది గిడసబారియుండగా, ఏమియు చూడకయే “అందరును బాగుగనున్నారు” అని పలుకు యంత్రము సైతము 67 మంది విషయమున నిజమే చెప్పినట్లగును! ఒక్క బిడ్డనైనను పట్టుకొనని దానికి 67 మార్కులా? ఇంత శాతము సరిపోయినదను ప్రకటన కనబడినపుడు, ఆ 33 మందిలో ఎందరిని పట్టినది, ఎందరిని జారవిడిచినది అని అడుగవలెను. గణితోపాధ్యాయులు ఈ లెక్కను తరగతిలో వేయింపదగును.

అంతకంటె పెద్దలోపము వేరొకటి గలదు. సర్వే ఒక్కసారి తీసిన ఛాయాచిత్రము వంటిది. బిడ్డ ఎత్తును, ఇంటిస్థితిని ఒకేనాడు వ్రాసికొందురు. అప్పటికే గిడసబారిన బిడ్డను గుర్తించుట జోస్యమెట్లగును? ఇంటిస్థితియు నిలుకడగలది కాదు. 2015 డిసెంబరులో బోధన్ చక్కెర కర్మాగారము మూతపడినది. అంతకుముందరి వివరములతో నేర్చిన యంత్రమునకు ఆ పిమ్మట పనిపోయిన ఇంటిలోని కంచము సంగతి తెలియదు.

2021లో ఆరంభమైన పోషణ్ ట్రాకర్‌లో అంగన్‌వాడి కార్యకర్తలు అదే బిడ్డ కొలతలను నెలనెల నమోదు చేయుచున్నారు. మార్గమిదే. అయితే కొలతబద్ద మాటేమి? రెండేండ్లలోపు వారిని పరుండబెట్టి, ఆపైవారిని నిలువబెట్టి కొలువవలెను. రెంటికిని సుమారు 0.7 సెంటీమీటరు భేదముండును. నిలువబెట్టవలసిన 80.5 సెంటీమీటర్ల బాలుని పరుండబెట్టి కొలిచి, ఆ సంగతి వ్రాయనిచో, అతడు 81.2గా నమోదై ఆరోగ్యవంతుల పట్టికలో చేరును. యంత్రము ఆ తప్పునే పాఠముగా నేర్చుకొనును.

ఇక యంత్రమునకు పనియే లేదా? ఏ ఇంటికి ముందు వెళ్లవలెనో చెప్పుటకు పనికివచ్చును. అది అనవసరముగా హెచ్చరించినచో కార్యకర్తకు ఒక నడక దండుగ. హెచ్చరింపక విడిచినచో పోవునది బిడ్డ ఎదుగుదల. ఈ రెండు తప్పులకు సమానవెల కట్టిన యంత్రములనే ఇంకను పెక్కుచోట్ల మెచ్చుకొనుచున్నారు.