లీవరు లేని క్లచ్చు

మూడు చక్రాల బండి అనగానే మనకు కళ్ల ముందు ఆటో నిలబడుతుంది. అమెరికాలో పాత బళ్ల పిచ్చి ఉన్నవాళ్లకు కనిపించేది వేరు: ముందొకటి, వెనక రెండు, బూరెల్లా ఉబ్బిన టైర్లు. రోడ్డు మీదికి కాదు, ఇసుకలోకీ మంచులోకీ వెళ్లడానికి చేసిన బండి. చలికాలంలో మోటార్ సైకిళ్లు కదలక డీలర్లు ఈగలు తోలుకుంటున్నారని హోండా కంపెనీ ఒసాము తకేయుచి అనే ఇంజనీరుతో దీన్ని చేయించి 1970లో అక్కడ దించింది. యూఎస్ 90గా వచ్చి ఏటీసీ 90 అయింది. ఆ మరుసటి ఏడే జేమ్స్ బాండ్ సినిమాలో కూడా పరుగెత్తింది.

ఇంజను మాత్రం హోండా వాళ్లదే సూపర్ కబ్ అనే రెండు చక్రాల బండికి చుట్టమే. పడుకున్న సిలిండరు, 89 సీసీ. మన సీడీ 100 ఇంజనుదీ ఆ వంశమే కాబట్టి మన మెకానిక్కు దీన్నప్పగిస్తే బెదరడు.

సస్పెన్షన్ లేదు, మలుపులో బోల్తా పడే గుణం ఉంది. ఎందరో దెబ్బలు తిన్నారు, పిల్లలు కూడా చనిపోయారు. 1988లో కోర్టు ఒప్పందంతో అమెరికాలో కంపెనీలు అమ్మకం ఆపేశాయి. 2008లో చట్టమే కొత్తవాటిని నిషేధించింది. అది మంచి పనే. ఇక మిగిలిన పాత బండి బతకాలంటే ఎవరో ఒకరు షెడ్డులో కూర్చుని ఇంజను విప్పాల్సిందే.

విప్పడంలోనే సగం బళ్లు పాడవుతాయి. కవరు స్క్రూలు చూడ్డానికి మామూలు స్టార్ స్క్రూలే, కానీ జపాను గాడి కొలత కొంచెం వేరు. చేతికందిన స్క్రూడ్రైవరు పెట్టి తిప్పితే తల అరిగిపోతుంది. సుత్తితో కొట్టి తిప్పే ఇంపాక్ట్ డ్రైవరుకు సరైన బిట్టు తగిలిస్తే ఒక్క దెబ్బకే వదులుతుంది.

నీలం పొగ కొడుతుంటే రింగులో వాల్వు గైడ్లో అరిగినట్టు. బోరును పైన, మధ్యలో, కింద, రెండు దిక్కుల్లో కొలవాలి. అరుగుదల గుండ్రంగా ఉండదు, కోలగా ఉంటుంది. పావు మిల్లీయో అర మిల్లీయో పెద్ద పిస్టను చేతికొచ్చాకే సిలిండరును బోరింగుకివ్వాలి. తొందరపడి ముందే కొట్టిస్తే ఆ కొలతకు పిస్టను వెతుక్కుంటూ తిరగాలి.

అసలు రుచి క్లచ్చులో ఉంది. హ్యాండిలుకు క్లచ్ లీవరు లేదు. క్రాంకు చివర బిగించిన క్లచ్చులో చిన్న బరువులుంటాయి. ఇంజను వేగం పుంజుకోగానే అవి బయటికి తన్నుకొచ్చి ప్లేట్లను నొక్కుతాయి. గేరు పెడల్ తొక్కితే ప్లేట్లు విడిపోతాయి. సుఖమే, కానీ ఆ సుఖమే క్లచ్చుకు శత్రువు. ఇసుకలో కూరుకున్న బండిని రేజు చేస్తూ కూర్చున్నవాడికి లోపల ప్లేట్లు కాలుతున్న సంగతి చేతికి తెలియదు. ఆ పొడి అంతా నూనెలో కలుస్తుంది.

హోండా వాళ్ల తెలివి ఇక్కడే చూడాలి. క్లచ్చు మూతనే ఆయిల్ ఫిల్టరుగా వాడుకున్నారు. తిరుగుతున్నప్పుడు నూనెలోని బరువైన మురికి అంచుకు కొట్టుకుపోయి అక్కడే అంటుకుంటుంది. ఏళ్ల తరబడి విప్పని బండిలో అది నల్లటి పిడచై ఉంటుంది. దాన్ని గీకకుండా కొత్త పిస్టను వేయడం, మురికి కుండలో గంగాజలం పోయడమే.

లోపలి నట్టుకు నాలుగు గాడులుంటాయి. ఉలి పెట్టి కొట్టేవాళ్లున్నారు. వాళ్లకు బండి ఇవ్వకండి. గొట్టం ముక్కకు లేత్ షాపులో నాలుగు పళ్లు తీయిస్తే పనిముట్టు తయారు. కొత్త ప్లేట్లు రాత్రంతా నూనెలో నానాలి. కార్లకు వాడే జారుడు నూనె పోస్తే కొత్త ప్లేట్లు కూడా జారుతాయి. చివర్లో సర్దుబాటు స్క్రూను బిగువు తగిలేదాకా తెచ్చి, అరపావు చుట్టు వెనక్కి వదలాలి. గేరులో ఉంచి ఐడిల్లో వదిలితే బండి కదలకూడదు. పాకితే మళ్లీ విప్పండి.

హీరో హోండా స్ట్రీట్ గుర్తుందా? క్లచ్ లీవరు లేదని మనవాళ్లు వింతగా చూసిన బండి, దీనికి వరసకు తమ్ముడే. మీ పెరట్లో ఒకటి మూలపడి ఉంటే, తూకానికి వేసేముందు కుడివైపు కవరు ఒకసారి విప్పి చూడండి.