ఊహకు వాక్యం పెట్టే హద్దు: ‘ది ఫోర్త్ డైమెన్షన్’ బోధపై ఒక పరిశీలన

తార్నాక చౌరస్తా నుండి ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణంలోకి పుస్తకాల సంచులతో నడిచే యువకులలో అనేకులు తరగతులకు వెళ్లేవారు కారు. చదువు ముగించి, గ్రంథాలయాల్లోనూ చెట్ల క్రిందనూ కూర్చుని గ్రూప్స్ పరీక్షలకు సిద్ధపడుతున్నవారు. వారిలో మన సంఘాల బిడ్డలూ ఉన్నారు. యవ్వనస్థుల కూటాలలో వీరికి తరచుగా వినిపించే బోధ ఒకటుంది: కళ్లు మూసుకో, డిప్యూటీ కలెక్టర్ కుర్చీలో కూర్చున్న నిన్ను నీవు చూడు, బల్ల మీది పేరు చదువు, చూసినదాన్ని పొందినట్లే నమ్ము. ఈ బోధ మూలాన్నీ, దాని వాక్యాధారాన్నీ ఇక్కడ పరిశీలించదలచాం.

సువార్త వేదికలపై దీనికి బలమైన రూపమిచ్చిన గ్రంథం దక్షిణ కొరియా కాపరి డేవిడ్ యాంగీ చో రచించిన ‘ది ఫోర్త్ డైమెన్షన్’ (1979). చో ఒక బల్ల, ఒక కుర్చీ, ఒక సైకిలు కోసం ప్రార్థించి, ఎలాంటి బల్ల, ఎలాంటి కుర్చీ, ఏ దేశపు సైకిలు అని స్పష్టంగా చెప్పనందున జవాబు ఆలస్యమైందని గ్రహించిన సంగతి మన ప్రసంగీకులు ఎన్నోసార్లు చెప్పినదే. వివాహం కాని సోదరికి, కోరుకునే భర్త లక్షణాలను పది అంశాలుగా వ్రాసి అద్దానికి అంటించుకొమ్మని ఆయన ఇచ్చిన సలహా కూడా ఆ పుస్తకంలోనిదే. చో విషయంలో న్యాయంగా మాట్లాడాలి. యుద్ధంలో చితికిపోయిన దేశంలో, 1958లో పేదల మధ్య గుడారంలో సేవ మొదలుపెట్టిన కాపరి సైకిలు అడగడం విలాసం కాదు. నిరాశలో ఉన్న ప్రజలకు దేవుడు మీ సంగతి పట్టించుకుంటాడని ఆయన చెప్పాడు. చిక్కు అడగడంలో లేదు. మనసులోని చిత్రానికి ఆయన ఆపాదించిన శక్తిలో ఉంది.

ఈ విత్తనం పడేనాటికే మన నేల దున్ని ఉంది. నెపోలియన్ హిల్ (1937), నార్మన్ విన్సెంట్ పీల్ (1952) పుస్తకాల ధోరణి, యండమూరి ‘విజయానికి ఐదు మెట్లు’, బి.వి. పట్టాభిరామ్ వ్యక్తిత్వ వికాస ఉపన్యాసాలు తెలుగు యువతకు ఆత్మవిశ్వాసపు భాష నేర్పాయి. 1999లో ప్రభుత్వమే ‘విజన్ 2020’ పత్రం వెలువరించాక ‘విజన్’ అనే మాట మన సంఘ వార్షికోత్సవాల బ్యానర్లపైకీ ఎక్కింది. దానికి ఆధారంగా చూపేది సామెతలు 29:18. విచిత్రమేమంటే, మన తెలుగు బైబిలులో అక్కడ దర్శనం అనే మాటే లేదు. ‘దేవోక్తి’ అని ఉంది. హెబ్రీ మూలంలోని ‘హాజోన్’ ప్రవక్తకు దేవుడు అనుగ్రహించే ప్రత్యక్షత గనుక, ఆ వచన రెండవ భాగం ధర్మశాస్త్రాన్ని గూర్చినది గనుక, మన అనువాదకుల ఎంపికే సరియైనది. ఇంగ్లీషు ప్రసంగం విని తెలుగులో బోధించే మనం చేతిలోని బైబిలును చూడలేదు.

హబక్కూకు 2:2 పరిస్థితి ఇంకా విచారకరం. దర్శనాన్ని పలకలపై వ్రాయమన్న ఆజ్ఞను పట్టుకుని, కోరుకున్న ఇల్లు, కారు బొమ్మలు అట్టపై అంటించుకునే అలవాటు వచ్చింది. హబక్కూకు వ్రాసినదేమిటి? అన్యాయార్జనతో ఇల్లు కట్టుకునేవానికి శ్రమ అని అదే అధ్యాయంలో (2:9-12) ఉంది! ఆ పలకను ఈ అట్ట ప్రక్కన పెట్టి చదవమని మా విద్యార్థులకు చెబుతుంటాం.

అయితే ఊహాశక్తినే పాపమనడం మా ఉద్దేశం కాదు. ఆదికాండము 6:5లో నరుల హృదయపు ‘ఊహ’ చెడ్డదని చెప్పేచోట హెబ్రీ పదం ‘యేత్సెర్’. యెషయా 26:3లో దేవునిపై ఆనుకున్న మనసుకూ అదే పదం. కుమ్మరి మట్టిని రూపించడమనే క్రియ నుండి వచ్చిన మాట అది. ఒకే చక్రం మీద రెండు రకాల కుండలు. ఇగ్నేషియస్ లొయోలా తన ‘ఆత్మీయ అభ్యాసాల’లో సువార్త సన్నివేశాన్ని కళ్లకు కట్టినట్లు ఊహించమన్నాడు. అక్కడ ధ్యానించేవాడు క్రీస్తు ఉన్నచోటికి వెళ్తాడు. ఈనాటి బోధలో క్రీస్తే మన కుర్చీ దగ్గరకు రావాలి. మన గుర్రం జాషువ 1941లో ‘గబ్బిలం’ ఊహించాడు. కాళిదాసు యక్షుడు భార్యకు సందేశం పంపితే, జాషువ నాయకుడు గుడిలోకి తనకు లేని ప్రవేశం గబ్బిలానికి ఉందని, దాని ద్వారా కాశీలోని శివునికి తన జాతి గోడు పంపుతాడు. అదీ ఊహే. కాని అందులో సొంత కుర్చీ లేదు.

లౌకిక పరిశోధన కూడా ఈ బోధకు సాక్ష్యమివ్వడం లేదు. 1999లో ఫామ్, టేలర్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞులు కాలిఫోర్నియాలో విద్యార్థులను పరీక్షించారు. మంచి మార్కులు వచ్చినట్లు ఊహించుకున్నవారి కంటే, తాము కూర్చుని చదువుతున్నట్లు ఊహించుకున్నవారు ఎక్కువసేపు చదివి, మెరుగైన మార్కులు పొందారు. గాబ్రియేల్ ఓటింజెన్, డోరిస్ మేయర్ 2002లో ప్రచురించిన అధ్యయనంలో, ఉద్యోగం గూర్చి తీపి ఊహలలో ఎక్కువగా తేలిన జర్మన్ పట్టభద్రులకు రెండేళ్ల తరువాత తక్కువ అవకాశాలు, తక్కువ జీతాలు వచ్చాయి. గోపురం కట్టగోరువాడు మొదట కూర్చుని ఖర్చు లెక్కచూసుకోవాలని ప్రభువు చెప్పిన మాట (లూకా 14:28) గుర్తు రావడం లేదా? ప్రభువు గోపుర శిఖరాన్ని కాదు, లెక్కల కాగితాన్ని చూపిస్తున్నాడు. ఉస్మానియా ఆర్ట్స్ కళాశాల భవనమే చూడండి. 1918లో విశ్వవిద్యాలయం స్థాపించాక, వాస్తుశిల్పులను దేశదేశాల విద్యాలయాలు పరిశీలించి రమ్మని పంపి, కట్టించి, ప్రారంభించేసరికి 1939 అయింది.

ఇక అసలు గాయం. 2022 ఏప్రిల్‌లో తెలంగాణలో 503 గ్రూప్-1 ఉద్యోగాలకు ప్రకటన వెలువడింది. అక్టోబరు 16న జరిగిన ప్రిలిమినరీ పరీక్ష, ప్రశ్నపత్రాల లీకు బయటపడడంతో 2023 మార్చిలో రద్దయింది. జూన్ 11న మళ్లీ పెట్టిన పరీక్షను సెప్టెంబరులో హైకోర్టు రద్దు చేసింది. 2024 ఫిబ్రవరిలో 563 పోస్టులతో కొత్త ప్రకటన ఇచ్చారు. ఈ రెండేళ్లలో కుర్చీని ఎంత స్పష్టంగా చూసినా ఏం ప్రయోజనం? పొందలేదంటే నీ చిత్రం మసకగా ఉంది, నీ విశ్వాసం చాలలేదు అనడం తప్ప ఈ బోధ దగ్గర మరో జవాబు లేదు. ప్రశ్నపత్రం అమ్మినవాని పాపం చదివినవాని తలపై పడుతుంది.

చో ఎంతో ఇష్టపడిన యాకోబు చువ్వల కథ (ఆది. 30) ఇక్కడే మళ్లీ చదవాలి. చారల చువ్వలను చూస్తే చారల పిల్లలు పుట్టాయని, అది మనోచిత్రానికి ఉన్న శక్తి అని ఆయన వివరణ. మరుసటి అధ్యాయంలో యాకోబే వేరే వివరణ ఇస్తాడు. మామ తన జీతం పదిసార్లు మార్చాడు (31:7). లాబాను చేసినదంతా చూశానని దేవుడే చెప్పాడు (31:12). ఆ కథలో చూసినవాడు దేవుడు. చూడబడినది కూలివానికి జరిగిన అన్యాయం. హెబ్రీ పత్రిక 11వ అధ్యాయాన్నీ మొదటి వచనం దగ్గర ఆపకుండా, వాగ్దానఫలం అనుభవించకనే మృతులైనవారి గూర్చిన 13వ వచనం దాకా బోధించాలి.

వయోపరిమితి దగ్గరపడి, ఇంటికి ఫోను చేయడానికి సిగ్గుపడుతున్న అభ్యర్థి ఆదివారం ఆరాధన అయ్యాక కాపరి దగ్గరకు వచ్చి, “అయ్యగారూ, నా విశ్వాసంలో ఏం లోపం?” అని అడుగుతాడు. అతనికి మన పుల్పిట్ల నుండి ఇంతవరకు అందిన జవాబు, కళ్లు మూసుకొమ్మనే.