పాత పెట్టెలలోని మంచి నాదము: ఒక విమర్శ

"వెనుకటి రేడియోలో విన్నట్లు నేటి యంత్రములలో పాట వినబడదు" అను మాట బాన్సువాడ వంటి ఊళ్లలో పెద్దల నోట తరచుగా వినవచ్చును. ఆ మాటను పూర్తిగా నమ్మినవారు పాత వాల్వు సెట్లను, రికార్డు ప్లేయర్లను అధికమైన వెల యిచ్చి కొనుచున్నారు. అసలే నమ్మనివారు ఇంటిలోని పెద్ద స్పీకరు పెట్టెలను పాత సామానువానికి తూకమున అమ్మివేయుచున్నారు. మొదటివారు ధనమును, రెండవవారు మంచి వస్తువును పోగొట్టుకొనుచున్నారు. కావున ఈ ప్రశంసలో నిజమెంత, అభిమానమెంత అని విడదీసి చూచుట అవసరము. అందుకు ఉన్నత పాఠశాలలో చెప్పు ధ్వనిశాస్త్రమే చాలును.

మొదట ఒక భేదమును గుర్తింపవలెను. పాత యంత్రములన్నియు ఒక్క జాతివి కావు. హైదరాబాదు సంస్థానపు దక్కన్ రేడియో 1950 ఏప్రిల్ 1న ఆకాశవాణిలో చేరినది. ఆ కాలమున మన ప్రాంతపు శ్రోతలు ముఖ్యముగా వినినవి మీడియం వేవ్ ప్రసారములు. వానిలో ప్రక్కప్రక్క కేంద్రములు ఒకదానితో నొకటి కలియకుండ ప్రతి కేంద్రమునకు ఇరుకైన పట్టీ మాత్రమే లభించును. అందుచే సుమారు 5,000 హెర్ట్జులకు మించిన స్వరములు శ్రోతకు చక్కగా చేరవు. మనిషి చెవి 20 మొదలు 20,000 హెర్ట్జుల వరకు వినగలదు. ఎఫ్.ఎం. ప్రసారము 15,000 హెర్ట్జుల వరకు అందించును. ఉన్నదానిని ఉన్నట్లు వినిపించుటయే 'హై-ఫై' అయినచో, అందమైన కొయ్య పెట్టెలోని వాల్వు రేడియో హై-ఫై కానే కాదు. తాళముల మెరుపు, 'స'కారపు పదును అందులో చాలవరకు పోవును. అయినను ఆ పాట విన్నవారికి నిండుగా తోచినది. కారణమేమి?

కారణము స్పీకరులో నున్నది. నేటికిని వాడుకలో నున్న తీగచుట్ట స్పీకరును చెస్టర్ రైస్, ఎడ్వర్డ్ కెలాగ్ అను అమెరికా ఇంజనీర్లు 1925లో ప్రకటించిరి. అయస్కాంతపు సందులో తీగచుట్ట ఊగును. దానికి అంటించిన కాగితపు శంకువు గాలిని నెట్టును. స్వరమును ఒక స్థాయి దించుటయనగా పౌనఃపున్యమును సగము చేయుట. ధ్వని పీడనము తగ్గకుండ అట్లు దించవలెనన్నచో శంకువు నెట్టవలసిన గాలి పరిమాణము నాలుగు రెట్లగును. మృదంగపు ఎడమవైపు గంభీర నాదమునకు పెద్ద శంకువు కావలసివచ్చుట ఇందుచేతనే. 8 అంగుళముల శంకువు వైశాల్యము 2 అంగుళముల శంకువుకు 16 రెట్లు. పెద్దది 1 మిల్లీమీటరు కదలిన చాలుచోట చిన్నది 16 మిల్లీమీటర్లు కదలవలెను. అంత చిన్న శంకువుకు అది సాధ్యము కాదు.

రెండవది పెట్టె. శంకువు ముందువైపు గాలిని నొక్కునప్పుడు వెనుకవైపు గాలి పలుచబడును. ఈ రెండును కలిసినచో మంద్ర స్వరములు ఒకదాని నొకటి రద్దు చేసికొనును. పాత రేడియోల వెనుక రంధ్రముల అట్ట మాత్రమే ఉన్నను, ముందరి వెడల్పైన కొయ్య పలక ఆ కలయికకు దారి దూరము చేసినది. హై-ఫై స్పీకర్లలో పెట్టెను పూర్తిగ మూయుటయో, లెక్క ప్రకారము ఒక రంధ్రముంచుటయో జరిగినది. 1954లో ఎడ్గార్ విల్‌చర్ మూసిన పెట్టెలోని గాలినే స్ప్రింగుగా వాడుకొనెను. 1961లో ఆస్ట్రేలియా ఇంజనీరు నెవిల్ థీల్ రంధ్రపు పెట్టెలకు గణితము నిర్మించెను. ఆ గణితపు సారమిది: చిన్న పెట్టె, లోతైన మంద్రము, తక్కువ విద్యుత్తుతో ఎక్కువ ధ్వని, ఈ మూడును ఒక్కచోట దొరకవు. ఏ రెండు కావలెనో కోరుకొనవచ్చును; మూడవదానిని వదలుకొనవలెను. వెనుకటివారు పెద్ద పెట్టెను ఒప్పుకొనిరి. మనము అరచేతిలో ఇమిడెడు పెట్టెను కోరుచున్నాము. పాత నాదపు నిండుతనమునకు ఇదియే మూలము. ఇది వయస్సు మహిమ కాదు, పరిమాణపు ఫలము. నేడు అదే కొలతతో చేసిన పెట్టెయు అట్లే పలుకును.

ఇక వాల్వుల 'వెచ్చదనము' అను మాటను పరిశీలింతము. వాల్వు 440 హెర్ట్జుల స్వరముతో పాటు 880 హెర్ట్జుల అనుస్వరమును కొంచెము కలుపును. అది పై స్థాయిలోని అదే స్వరము. కనుక చెవికి ఇంపుగా నుండును. సాధారణ రేడియోల విషయమున ఈ వివరణ సరియే. కాని ఇది యంత్రము తనంతట కలిపిన రంగు. గాయకుడు పాడినది కాదు. పెక్కు వాద్యములు ఒకేసారి మ్రోగినపుడు అదే దోషము పాటలో లేని స్వరములను కూడ పుట్టించును. పైగా ఉత్తమమైన హై-ఫై యాంప్లిఫయర్లలో రెండేసి వాల్వులను ఎదురెదురుగా పనిచేయించి ఈ అనుస్వరమును రద్దు చేసిరి. వెలువడిన సంకేతములో కొంత భాగమును తలక్రిందులు చేసి ప్రవేశమునకు మరల పంపి దోషమును తగ్గించు పద్ధతిని హెరాల్డ్ బ్లాక్ 1927లో కనిపెట్టెను. దానిని ఉపయోగించి విలియంసన్ 1947లో వివరించిన వాల్వు యాంప్లిఫయరులో 15 వాట్ల వద్ద దోషము 0.1 శాతమును మించలేదు. అంత శుభ్రమైన యంత్రమును 'వెచ్చదనము'నకై పొగడుట దాని నిర్మాతల శ్రమను గుర్తింపకపోవుటయే.

1978లో జేమ్స్ మోయిర్ ఇంగ్లండు పత్రిక 'వైర్‌లెస్ వరల్డ్'లో ఒక పరీక్షను వివరించెను. క్వాడ్ సంస్థవారి ఒక వాల్వు యాంప్లిఫయరును, రెండు ట్రాన్సిస్టరు యాంప్లిఫయర్లను, ఏది మ్రోగుచున్నదో చెప్పకుండ శ్రోతలకు వినిపించిరి. వారు వానిని వేరుపరుపలేకపోయిరి. దీనివలన వాల్వు హీనమైనదని తేలలేదు. మంచి యాంప్లిఫయరు ఆనాటికే చెవి కోరినంత ఎదిగినదని తేలినది.

మూడవ కారణము యంత్రములో లేదు, రికార్డులో నున్నది. 1982లో వచ్చిన కాంపాక్టు డిస్కు మెల్లని ధ్వనికిని బిగ్గర ధ్వనికిని మధ్య సుమారు 96 డెసిబెళ్ల ఎడమును ఇముడ్చుకొనగలదు. గ్రామఫోను రికార్డునకు అంత శక్తి లేదు. అయినను 1990 తర్వాత అనేక రికార్డులలో మెల్లని భాగములను పైకెత్తి అంతయు ఒకే బిగ్గరతనమునకు తెచ్చిరి. ఘంటసాల గళములోని భగవద్గీత వంటి గానమునకు ప్రాణము స్వరము తగ్గుచు హెచ్చుటలో నున్నది. అట్టి గానమును అణచి మరల ముద్రించినచో, పాత రికార్డే మేలని శ్రోత అనుట తప్పు కాదు. అయితే అతడు దూషింపవలసినది కొత్త యంత్రమును కాదు, కొత్త ముద్రణను.

మరియొక సంగతి. నేడు మిగిలిన పాత యంత్రములు ఆ కాలపు వస్తువులన్నిటికి ప్రతినిధులు కావు. నాసివి ఏనాడో చెత్తలో కలిసినవి. మిగిలినవానిలో కూడ అన్ని భాగములు సమానముగా మన్నవు. బాన్సువాడ పొలములకు నీరిచ్చు నిజాంసాగరు 1931లో పూర్తియైనది. కట్ట నిలిచియున్నను తూముల తలుపులకు, కాలువలకు మరమ్మతు తప్పదు గదా! అట్లే కొయ్య పెట్టె, అయస్కాంతము, ట్రాన్స్‌ఫార్మరు దశాబ్దములు నిలుచును. ఎలక్ట్రోలిటిక్ కండెన్సర్లు ఎండిపోవును. శంకువు అంచునందలి స్పాంజి పొడియగును. వీనిని మార్చని యంత్రము వినిపించునది పాత నాదము కాదు, పాడైన నాదము.

ఈ వివాదమును తరగతిలోనే తేల్చవచ్చును. ఒకే పాటను పాత స్పీకరులోను, కొత్త స్పీకరులోను తెరచాటున వినిపింపుడు. రెండింటి బిగ్గరతనమును ఫోనులోని ధ్వనిమాపకముతో ముందుగా సమానము చేయుడు. కొంచెము బిగ్గరగా నున్నదే మంచిదని చెవి భ్రమించును. ఏది ముందో నాణెము ఎగురవేసి నిర్ణయింపుడు. 20 పర్యాయములలో 15 లేక అంతకు మించి సరిగా గుర్తించుట, కేవలము ఊహవలన సుమారు 50 పరీక్షలలో ఒక్కసారియే జరుగును. భేదమున్నదని తేలిన పిమ్మట ఏది మేలు అని అడుగుడు. ఒక్క హెచ్చరిక: వాల్వు సెట్టులో 250 వోల్టులు, అంతకు మించియు ఉండును, స్విచ్చి కట్టినను కండెన్సర్లలో కొంత నిలువయుండును. విద్యార్థులు దానిని విప్పరాదు.

కాబట్టి మన తీర్పు ఇది. పెద్ద శంకువును, విశాలమైన పెట్టెను, జాగ్రత్తగా చేసిన రికార్డును పొగడిన పెద్దలు సత్యమే చెప్పిరి. వాల్వునకును వయస్సునకును ఆ కీర్తిని అంటగట్టినవారు పొరబడిరి. అటుకమీద పాత స్పీకరు పెట్టె యున్నవారు దానిని తూకమునకు వేయకముందు తెలిసిన మెకానిక్కుచే అంచును, కండెన్సర్లను మార్పించి ఒకసారి వినవలెను. కొత్తగా కొనదలచినవారు పెట్టె వయస్సును కాక దాని కొలతను అడుగవలెను.