నేరానికి లెక్క కట్టిన గెర్రీ

చదువు పెరిగితే నేరాలు వాటంతటవే తగ్గుతాయని 1820ల నాటి ఫ్రాన్సులో చాలామంది పెద్దలు నమ్మేవారు. ఆ నమ్మకం నిజమో కాదో లెక్కలు తీసి చూసినవాడు ఆండ్రే-మిషెల్ గెర్రీ. 1802లో తూర్ నగరంలో పుట్టి, లా చదివి పారిస్‌ చేరిన గెర్రీకి అదను కలిసొచ్చింది. 1825 కేసులతో మొదలుపెట్టి ఫ్రెంచి న్యాయశాఖ ఏటా దేశమంతటి నేరాల పట్టికలు అచ్చువేయసాగింది.

1829లో బాల్బీ అనే భూగోళ శాస్త్రవేత్తతో కలిసి, చదువు పటాన్నీ నేరాల పటాలనూ గెర్రీ ఒకే కాగితం మీద అచ్చువేయించాడు. 1833లో వెలువడిన పుస్తకంలో ఆయన పద్ధతి పూర్తిగా కనిపిస్తుంది. కేసులు ఎన్నని చూసి ఊరుకోలేదు, ఎంత జనాభాకు ఒక నిందితుడో లెక్కగట్టాడు. ఒక్క ఏడాది అంకెలు మోసం చేస్తాయని ఆరేళ్ల సగటు తీశాడు. జ్యూరీల జాలి ప్రాంతానికో తీరుగా ఉంటుంది కాబట్టి, శిక్షపడ్డవారిని వదిలి నిందితులనే లెక్కలోకి తీసుకున్నాడు. మనుషులపై నేరాలను ఒక పద్దులో, ఆస్తి నేరాలను మరో పద్దులో రాశాడు.

ఇలా విడదీసి చూడటంలోనే అసలు సంగతి బయటపడింది. మనుషులపై నేరాల పద్దులో కోర్సికా దీవిలో 2,199 మందికి ఒక నిందితుడు తేలితే, మధ్య ఫ్రాన్సులోని క్రూజ్‌లో 37,014 మందికి ఒకడు. ఆస్తి నేరాలకు వచ్చేసరికి పారిస్ ఉన్న సేన్ ప్రాంతం అందరికన్నా ముందుంది. అక్కడ 1,368 మందికే ఒక నిందితుడు. చదువులో బాగా వెనకబడిన క్రూజ్ రెండు పద్దుల్లోనూ మెరుగ్గా నిలిచింది. చదువుకున్న ఉత్తరాదిలో దొంగతనాలు ఎక్కువ. పెద్దల నమ్మకం లెక్కకు నిలవలేదు. గెర్రీ మాత్రం ఆ పని వదల్లేదు. 1864లో ఇంగ్లండునూ ఫ్రాన్సునూ పోల్చే బృహత్ గ్రంథం తెచ్చి, రెండేళ్లకు కన్నుమూశాడు.

ఈ పద్ధతికీ హద్దులున్నాయి. చదువుకున్న ప్రాంతంలో దొంగతనాలు ఎక్కువైతే చదువుకున్నవాళ్లే దొంగలని అర్థం కాదు. ప్రాంతం లెక్కను మనిషికి అంటగట్టకూడదని 1950లో అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త డబ్ల్యూ. ఎస్. రాబిన్సన్ గణితంతో నిరూపించాడు.

మన దేశంలో జాతీయ నేర గణాంక సంస్థ (ఎన్‌సీఆర్‌బీ) ఏటా ఇచ్చే లక్ష జనాభాకు ఇన్ని నేరాలన్న లెక్క గెర్రీ బాటలోదే. మన జిల్లాలో కేసులు పెరిగాయన్న వార్త చదివినప్పుడు కంగారుపడే ముందు కొన్ని ప్రశ్నలు వేసుకోవాలి. జనాభా ఎంత? ఏ నేరాలు? ఎన్నేళ్ల లెక్క? ఆడవాళ్లు ధైర్యంగా ఠాణాకు వెళ్లి ఫిర్యాదు ఇచ్చినా, పోలీసులు తిప్పి పంపకుండా ఎఫ్‌ఐఆర్ రాసినా అంకె పెరుగుతుంది. అది మంచికే. కేసులు తగ్గాయని నాయకులు చెప్పుకున్నప్పుడు, నేరం తగ్గిందా, నమోదు తగ్గిందా అని నిలదీయడం పౌరుల హక్కు. ఆ ప్రశ్న ఎలా అడగాలో మనకు నేర్పేది ఈ లెక్కల శాస్త్రమే. అందుకే అది నిపుణుల దగ్గరే ఉండిపోకూడదు, బడిపిల్లల దాకా చేరాలి.